గల్లీలోని చిన్న ప్రైవేట్ స్కూల్ ఏమిస్తుంది, ఆ ఖర్చు ఎవరి మీద పడుతుంది

పొద్దున ఎనిమిదిన్నర. వరంగల్‌లో కరీమాబాద్, రంగశాయిపేట లాంటి పాత బస్తీలో ఒక గల్లీ. కింద నాలుగు గదులు, పైన నాలుగు గదులు, ఆ మీద రేకుల షెడ్డు. ఒకప్పుడు రెండు కుటుంబాలు ఉండేందుకు కట్టిన ఇల్లు అది. ఇప్పుడు గోడకు పసుపు రంగు, దాని మీద ఏబీసీడీలు, గేటు మీద ఇంగ్లిష్ మీడియం అన్న బోర్డు. ముగ్గురు పిల్లలతో వచ్చిన బైకు ఆగుతుంది. ముందు ట్యాంకు మీద కూర్చున్న యూకేజీ పిల్లను గేటు దగ్గర నిలబడ్డ కరస్పాండెంట్ సారే, అంటే స్కూలు నడిపే మనిషే, దించుకుంటాడు. ‘మీ నాయనమ్మకు జ్వరం తగ్గిందా?’ అని అడుగుతాడు. రెండో ప్రశ్న ఫీజు గురించి. అది పిల్లను కాదు, తండ్రిని. గొంతు కొంచెం తగ్గించి అడుగుతాడు.

తెలంగాణలో బడికి వెళ్లే పిల్లల్లో దాదాపు సగం మంది ప్రైవేట్ స్కూళ్లలో ఉన్నారు. ప్రైవేట్ అనగానే చర్చంతా కార్పొరేట్ స్కూళ్ల చుట్టూ, లక్షల ఫీజుల చుట్టూ తిరుగుతుంది. హైదరాబాద్ టీవీ స్టూడియోల నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది. నర్సంపేట, పరకాల, జమ్మికుంట, హుజూరాబాద్ లాంటి ఊళ్లలో తిరిగితే కనిపించేవి మాత్రం చిన్న స్కూళ్లు. నర్సరీ నుంచి ఏడో తరగతి దాకా, కొన్నిచోట్ల పది దాకా. నూటయాభై నుంచి మూడు వందల మంది పిల్లలు. అద్దె ఇల్లు, ఒకటో రెండో వ్యాన్లు, నడిపేది చాలాచోట్ల భార్యాభర్తలు. హాస్టల్ ఉండదు, సాయంత్రానికి పిల్లలంతా ఇంటికి వెళ్లిపోతారు. వీటిని పెద్ద స్కూళ్లకు చౌక నకలు అని కొట్టిపారేయడం మామూలు. అది సగమే నిజం. పేర్ల వరకు నకలే. ఎక్కడ చూసినా ‘టెక్నో’, ‘కాన్సెప్ట్’, ‘గ్రామర్’ అన్న తోకలు ఉంటాయి. లోపల నడిచే వ్యవహారం మాత్రం వేరు.

ఈ స్కూళ్లు ఇచ్చేది ఇంగ్లిష్ అని తల్లిదండ్రులు చెబుతారు, మార్కులని స్కూళ్లు చెబుతాయి. దగ్గరగా చూస్తే ఆ రెండింటికన్నా ముందు ఇచ్చేది ఒకటుంది. అది అరువు.

ఫీజు కార్డు మీద పెన్సిల్ రాతలు

ఏ చిన్న స్కూల్ ఆఫీసు గదిలోనైనా ఫీజు కార్డుల కట్ట ఒకటి ఉంటుంది. మూడు టర్ములకు మూడు గళ్లు అచ్చువేసి ఉంటాయి. ఆ గళ్ల ప్రకారం కట్టేవాళ్లు తక్కువ. గళ్ల పక్కన పెన్సిల్‌తో రాసిన అంకెలే అసలు లెక్క: 2,000 ఒకసారి, 1,500 ఒకసారి, ఆ తర్వాత మూడు నెలలు ఖాళీ, మళ్లీ ఒకేసారి 6,000. ఆ ఖాళీలకూ పంటల క్యాలెండర్‌కూ సంబంధం ఉంది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు పత్తి అక్టోబర్ నుంచి జోరుగా వస్తుంది, మిర్చి ఫిబ్రవరి నుంచి. రైతు చేతికే కాదు, మార్కెట్ హమాలీకి, ఆటో డ్రైవర్‌కు, చుట్టుపక్కల దుకాణాలకు కూడా పైసలు ఆడేది ఆ నెలల్లోనే. ‘సార్, పత్తి పైసలు రాంగనే కడ్తం’ అన్న మాట జూన్‌లో ప్రతి చిన్న స్కూల్ ఆఫీసులో వినిపిస్తుంది. పత్తి తడిసిన ఏడాది ఆ మాట మిర్చి దాకా సాగుతుంది. మేడారం జాతర వచ్చిన ఏడాదైతే ఫిబ్రవరి ఫీజు మార్చికి జరిగినట్టే, దాని మీద ఇరుపక్షాలకూ గొడవ లేదు.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లోనూ ఇదే తీరు. ఆర్డరు ఉంటే పైసలు, లేకుంటే లేదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు వెళ్తే పంట స్థానంలో గల్ఫ్ ఉంటుంది. తండ్రి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు, జీతం రెండు నెలలు ఆగితే ఇక్కడ ఫీజు రెండు నెలలు ఆగుతుంది. బీడీలు చుట్టే తల్లి వారం కూలిలోంచి అయిదు వందలు తెచ్చి కార్డు మీద రాయించుకుపోతుంది.

పెద్ద స్కూల్లో ఈ మాట ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియదు. అక్కడ కౌంటర్, సాఫ్ట్‌వేర్, గడువు దాటితే ఫైన్. బ్రాంచ్ ప్రిన్సిపాల్‌ను అడిగితే ‘నా చేతిలో ఏం లేదు, హెడ్డాఫీసు’ అంటాడు. ఆయన చెప్పేది నిజమే కూడా. చిన్న స్కూల్లో అడగాల్సిన మనిషి గేటు దగ్గరే ఉంటాడు, తగ్గించే అధికారమూ ఆయనదే. అన్నదమ్ములిద్దరూ చదివితే కొంత తగ్గింపు, తండ్రి చనిపోతే ఆ ఏడాదికి సగమో మొత్తమో మాఫీ. ఇవేవీ బ్రోచర్‌లో ఉండవు.

అయితే అరువిచ్చిన మనిషికి వసూలు చేసుకునే దారి కూడా కావాలి. అది మార్చిలో బయటపడుతుంది. పరీక్షల ముందు పిల్లను లేపి నిలబెట్టి ‘ఫీజు తెమ్మను’ అనడం, పదో తరగతి హాల్ టికెట్ చేతికివ్వకుండా తిప్పడం, టీసీ ఆపడం. పెద్దల బాకీకి పిల్లలను క్లాసులో అవమానపరచడం ఏ లెక్కలోనూ సరికాదు. ఇది అరుదుగా జరిగేదీ కాదు. మొహం తెలిసిన మనిషి కాబట్టి జూన్‌లో ఆగాడు. అదే మనిషి మార్చిలో మొహమాటం వదిలేస్తే తండ్రికి తగిలే దెబ్బ కౌంటర్ ఫైన్ కన్నా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే గల్లీ అంతా చూస్తుంది.

సాయంత్రం ఇంటికొచ్చే బడి

వరంగల్‌కు హాస్టల్ చదువుల పేరు ఎక్కువ. ఇంటర్, ఎంసెట్ కోచింగులతో హన్మకొండలో మొదలైన ఆ అలవాటు కిందికి దిగి ఆరో తరగతి రెసిడెన్షియల్ దాకా వచ్చింది. ప్రభుత్వ గురుకులాలు కూడా అయిదో తరగతి నుంచే తీసుకుంటాయి. పదేళ్ల పిల్లను ఇంటి నుంచి పంపాలా వద్దా అన్నది ఇక్కడి కుటుంబాలకు రోజువారీ ప్రశ్న. డే స్కూల్ అంటే ఆ ప్రశ్నకు ‘ఇప్పుడే వద్దు’ అన్న జవాబు.

దీని విలువ మధ్యాహ్నం పన్నెండున్నరకు గేటు దగ్గర చూస్తే తెలుస్తుంది. టిఫిన్ బాక్సులు మోసుకొచ్చే తాతలు, నాయనమ్మలు వరసగా నిలబడి ఉంటారు. పొద్దున చల్లారిపోయే అన్నం కట్టి పంపడం ఇష్టం లేక వేడిగా తెచ్చినవాళ్లు. నర్సరీ పిల్లకు నాయనమ్మే కలిపి తినిపిస్తుంది, పక్క పిల్ల నోట్లో కూడా ఒక ముద్ద పెడుతుంది. ఆయా వద్దనదు. నగరం చివర ఔటర్ రోడ్డు పక్కన అయిదెకరాల్లో కట్టిన స్కూల్లో ఇది జరగదు. బస్సులో పోనూ రానూ రెండు గంటలు పోయే పిల్లకూ, అయిదు నిమిషాల్లో నడిచి ఇల్లు చేరే పిల్లకూ సాయంత్రం ఆటలో తేడా ఉంటుంది. ఆ రెండు గంటలకు ఎవరూ ధర కట్టరు.

పిల్ల రెండు రోజులు రాకపోతే ఫోన్ వస్తుంది. మూడో రోజు ఎవరో ఒకరు ఇంటికే వస్తారు. ఇందులో ఫీజు భయం కూడా కలిసి ఉందని తల్లిదండ్రులకు తెలుసు, పక్క స్కూలుకు మార్చేస్తున్నారేమో అన్న అనుమానంతో వస్తారు. అయినా వస్తారు కదా. క్లాసులో ఇరవై, ఇరవై అయిదు మందే ఉంటారు కాబట్టి ఎవరికి కళ్లు సరిగా కనిపించడం లేదో, ఎవరు పొద్దున తినకుండా వస్తున్నారో టీచర్‌కు తెలిసిపోతుంది. బతుకమ్మ సెలవులకు ముందు రోజు స్కూల్లోనే బతుకమ్మ పేరుస్తారు. తంగేడు పూలు తెచ్చేది పిల్లల తల్లులు, ఆడేదీ వాళ్లే. స్కూలుకూ గల్లీకీ మధ్య గోడ పలచన.

కనిపెట్టుకుని ఉండడంలో నిఘా కూడా కొంత ఉంటుంది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఎవరితో మాట్లాడిందో సాయంత్రానికి ఇంట్లో తెలిసిపోతుంది. అది రక్షణ అని తండ్రి అనుకుంటాడు. ఆ అమ్మాయి ఏమనుకుంటుందో ఎవరూ అడగరు.

ఇంగ్లిష్ ఎంత వస్తుంది

బోర్డు మీద రాసింది ఇంగ్లిష్ మీడియం. జరిగేది చాలా మటుకు తెలుగులో చెప్పి ఇంగ్లిష్‌లో రాయించడం. సైన్స్ పాఠం తెలుగులో అర్థమవుతుంది, నోట్స్ బ్లాక్‌బోర్డు మీద నుంచి ఇంగ్లిష్‌లో ఎక్కించుకుంటారు, పరీక్షకు ఆ నోట్స్ బట్టీ పడతారు. నాలుగో తరగతి పిల్లవాడు ఫొటోసింథసిస్ నిర్వచనం గడగడా చెబుతాడు, అదే పేజీలో తెలియని వాక్యం ఒకటి చూపిస్తే ఆగిపోతాడు. అక్షరాలు, స్పెల్లింగులు, చేతిరాత విషయంలో మాత్రం చిన్న స్కూళ్లు గట్టివి. రోజూ డిక్టేషన్, రోజూ కాపీ రైటింగ్, రోజూ డైరీ. ఈ దినచర్యను తక్కువ చేసి చూడనక్కర్లేదు. ఇంట్లో చదువు చెప్పేవాళ్లు లేని పిల్లకు రెండో తరగతిలోనే చదవడం, రాయడం పట్టుబడటానికి ఈ రోజువారీ రుద్దుడే ఆసరా.

డైరీ సంగతి ఇంకొంచెం చూడాలి. అందులో హోంవర్కు ఇంగ్లిష్‌లో ఉంటుంది, కింద తల్లిదండ్రుల సంతకం కావాలి. తల్లికి ఇంగ్లిష్ రాకపోతే పక్కింటి ఇంటర్ పిల్ల చదివి చెబుతుంది, సంతకం అన్న పెడతాడు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపు వచ్చాక టీచరే తెలుగులో ఆడియో పెడుతోంది: ‘అమ్మా, రేపు మ్యాథ్స్ స్లిప్ టెస్ట్, ఏడో ఎక్కం అప్పజెప్పించండి’ అని. డైరీ చేయలేని పని ఆ అర నిమిషం ఆడియో చేస్తోంది.

తెలంగాణలో 2018లో చట్టం వచ్చాక ఏ బోర్డు స్కూలైనా ఒకటి నుంచి పది దాకా తెలుగు చెప్పాల్సిందే. చిన్న స్కూళ్లకు దీంతో పెద్దగా మార్పు రాలేదు, అవి రాష్ట్ర సిలబస్ స్కూళ్లే కాబట్టి తెలుగు ముందునుంచీ ఉంది. అసలు కుదుపు 2022-23లో వచ్చింది. ఆ ఏడాది నుంచి ప్రభుత్వ బడులన్నింటిలో ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టడం మొదలైంది. అప్పటిదాకా ‘సర్కారు బడిలో తెలుగు, మా దగ్గర ఇంగ్లిష్’ అన్న ఒక్క మాటతో అడ్మిషన్లు జరిగేవి. ఆ మాటకు బలం పోయింది. అయినా చిన్న స్కూళ్లు మూతపడిపోలేదంటే కుటుంబాలు కొంటున్నది ఒక్క ఇంగ్లిష్‌నే కాదన్నట్టు.

లెక్క వేసి చూస్తే

ఈ అరువు, ఈ దగ్గరితనం ఊరికే రావు. ఎవరో భరిస్తేనే వస్తాయి. ఎవరన్నది తెలియాలంటే ఒక ఊహా స్కూలు తీసుకుని లెక్క వేయాలి. పిల్లలు 180 మంది. సగటు ఫీజు ఏడాదికి 16,000 అనుకుందాం. కాగితం మీద రాబడి 28,80,000. నూటికి 85 వసూలైతే మంచి ఏడాది, అంటే చేతికొచ్చేది 24,48,000. అద్దె నెలకు 35,000 చొప్పున ఏడాదికి 4,20,000. పన్నెండు మంది టీచర్లకు నెలకు 9,000 చొప్పున ఏడాదికి 12,96,000. ఇద్దరు ఆయాలు, ఒక వాచ్‌మన్‌కు ఆరేసి వేలు, ఏడాదికి 2,16,000. మిగిలింది 5,16,000. కరెంటు, పరీక్ష పేపర్లు, మే నెలలో రంగులు, రిపేర్లు, ఆఫీసుల చుట్టూ ఫైళ్లు అన్నీ కలిపి రెండు లక్షలు తీసేస్తే 3,16,000. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా పనిచేసే భార్యాభర్తలిద్దరికీ కలిపి నెలకు 26,000 చిల్లర. ఇందులో వ్యాన్ లెక్క కలపలేదు, అది వేరే ఫీజుతో వచ్చింది వచ్చినట్టే డీజిల్‌కు, ఇన్సూరెన్స్‌కు, జూన్‌కు ముందు చేయించే ఫిట్‌నెస్‌కు పోతుందనుకున్నాం. పుస్తకాలు, టై, బెల్టు అమ్మకంలో మిగిలే కమీషన్ కూడా వేయలేదు. నిబంధనలు వద్దన్నా అది చాలాచోట్ల నడుస్తూనే ఉంటుంది.

ఈ లెక్కలో కరస్పాండెంట్ కోట్లు దాచుకున్న మనిషిలా కనిపించడు. కానీ అందరికన్నా ఎక్కువ మోస్తున్నది ఆయన కాదు. నెలకు 9,000 దగ్గర ఆగిపోయిన పన్నెండు మందిని చూడండి. ఎక్కువమంది అదే గల్లీల కోడళ్లు, కూతుళ్లు. డిగ్రీ, కొందరికి బీఈడీ, కొందరికి పీజీ. భర్త షాపులోనో ఫైనాన్స్ కంపెనీలోనో పని. ఇల్లు దగ్గర, తన పిల్లకు ఫీజు లేదు లేక సగమే, సాయంత్రం నాలుగున్నరకు ఇంట్లో ఉండొచ్చు. ఈ మూడు సౌకర్యాల పేరు చెప్పి జీతం తక్కువకు ఒప్పిస్తారు. చాలాచోట్ల వేసవి జీతం ఉండదు. సెలవు పెడితే కోత. మే నెలలో అడ్మిషన్ల కోసం పాంప్లెట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదీ వీళ్లే, తలా ఇంతమందిని చేర్చాలన్న టార్గెట్‌తో. సాయంత్రం ఇంట్లో ట్యూషన్ పెట్టుకుంటే తప్ప నెల గడవదు. ట్యూషన్‌కు వచ్చేదీ అదే స్కూలు పిల్లలు.

కోవిడ్‌లో ఈ సంగతి అందరికీ కనిపించింది. స్కూళ్లు మూతపడగానే ముందు ఆగింది టీచర్ల జీతాలే. కూరగాయలు అమ్మినవాళ్లు, ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లు ఉన్నారు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేట్ స్కూళ్ల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. పీజీ చదివిన టీచర్ రేషన్ షాపు ముందు లైన్లో నిలబడటం అప్పట్లో పెద్ద వార్త. ఆమె జీతం మాత్రం అంతకుముందు ఎప్పుడూ వార్త కాలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరిలో వచ్చిన జీవో 1 ప్రైవేట్ స్కూలు ఫీజు ఎలా ఖర్చు కావాలో చెప్పింది: సగం జీతాలకు, 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి వాటికి, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి, యాజమాన్యానికి 5 శాతం. పైన వేసిన లెక్కలో టీచర్ల జీతాల వాటా వసూలైన దాంట్లో 53 శాతం. అంటే జీవో అడిగిన సగం దాటింది, టీచర్‌కు అయినా 9,000 మించలేదు. ఫీజే చిన్నదైనప్పుడు శాతాల నిబంధనతో మంచి జీతం రాదు. పీఎఫ్‌కు 15 శాతం తీసే స్కూలు ఈ స్థాయిలో కనిపించడం కష్టం.

అదే లెక్కను ఇంకో వైపు తిప్పితే ఒక ఆసక్తికరమైన అంకె వస్తుంది. ఆ పన్నెండు మందికి నెలకు 15,000 ఇవ్వాలంటే ఏడాదికి అదనంగా 8,64,000 కావాలి. 180 మంది పిల్లల మీద పంచితే తలకు ఏడాదికి 4,800, నెలకు 400. కొన్ని ఇళ్లకు అది చిన్న మొత్తం, సెల్ రీచార్జి అంత. కొన్ని ఇళ్లకు అది పిల్లను స్కూలు మాన్పించే మొత్తం. ఎవరు ఏ ఇంటివాళ్లో కరస్పాండెంట్‌కు కచ్చితంగా తెలుసు. అయినా పెంచడు, పక్క గల్లీలో ఇంకో స్కూలు ఉంది కాబట్టి. పోటీ ఫీజును కింద పట్టి ఉంచుతుంది, ఫీజు జీతాన్ని కింద పట్టి ఉంచుతుంది. జూన్‌లో తండ్రికి దొరికే అరువుకు అసలు పూచీ ఆ టీచరమ్మ ఆలస్యంగా అందుకునే జీతం. అక్టోబర్‌లో పత్తి పైసలు వచ్చాకే ఆమెకు ఆగస్టు జీతం పడుతుంది.

సర్కారు బడి పక్కన పెట్టి చూస్తే

గల్లీ స్కూలు నుంచి అర కిలోమీటరులో ప్రభుత్వ పాఠశాల ఉంటుంది. అక్కడ టీచర్లు డీఎస్సీ రాసి ఎంపికైనవాళ్లు, శిక్షణ పొందినవాళ్లు. పాఠ్యపుస్తకాలు ఉచితం, రెండు జతల యూనిఫాం ఉచితం, మధ్యాహ్నం సన్నబియ్యం అన్నం, వారంలో కొన్ని రోజులు గుడ్డు. హైస్కూల్ అయితే ఆటస్థలం ఉంటుంది, ల్యాబ్ గది ఉంటుంది, పీఈటీ సార్ ఉంటాడు. చిన్న ప్రైవేట్ స్కూల్లో ఆటస్థలం అంటే వాకిలి. ప్రార్థన అక్కడే, డ్రిల్లు అక్కడే, వాన పడితే రెండూ లేవు. సైన్స్ ల్యాబ్ ఒక గాజు బీరువా, దాని తాళంచెవి ఎక్కడుందో వెతకాలి. వినికిడి లోపమో, చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బందో ఉన్న పిల్ల వస్తే ఏం చేయాలో తెలిసినవాళ్లు ఉండరు. ‘కొంచెం డల్’ అని డైరీలో రాసి ఊరుకుంటారు. ఈ విషయంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలే నయం.

మరి ఇంత తేడా ఉండి కూలి చేసే ఇల్లు కూడా ఫీజు కట్టి ఇటే ఎందుకు వస్తుంది? మూడేళ్ల వయసు దగ్గర మొదలవుతుంది ఈ కథ. ప్రభుత్వ బడిలో ఒకటో తరగతి అయిదేళ్లు నిండాకే. అంతకుముందు అంగన్‌వాడీ ఉంది, మధ్యాహ్నం భోజనం, గుడ్డు దొరుకుతాయి. కానీ తల్లికి కావాల్సింది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా పిల్లను చూసుకునే చోటు, పైగా అది బడిలా కనిపించాలి. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ ఆ అవసరం తీరుస్తాయి. మూడేళ్లు ఒకచోట అలవాటైన పిల్లను ఒకటో తరగతికి ఇంకోచోటికి మార్చరు. ప్రభుత్వ బడి అసలు పోటీలోకి దిగేలోపే అడ్మిషన్ అయిపోయి ఉంటుంది. బడి బాట పేరుతో జూన్‌లో ప్రభుత్వ టీచర్లు ఇళ్లు తిరిగేసరికి ఆ ఇంటి పిల్ల టై కట్టుకుని రెండేళ్లయింది. ఇటీవల కొన్ని ప్రభుత్వ బడుల్లో ప్రీప్రైమరీ తరగతులు మొదలుపెడుతున్నారు. చిన్న స్కూళ్లను కదిలించే విషయం ఏదైనా ఉంటే ఇదే, ఇంగ్లిష్ మీడియం కన్నా ఇదే ఎక్కువ.

పరువు కూడా ఉంది, దాన్ని దాచడం ఎందుకు. ‘మీ పిల్ల ఎక్కడ చదువుతోంది’ అని పెళ్లిలో అడిగితే చెప్పుకోవడానికి ఒక పేరు కావాలి.

పైకి పోయేకొద్దీ పలచబడే క్లాసులు

చిన్న స్కూలు హాజరు పట్టీ చూస్తే కింద బరువు, పైన తేలిక. ఎల్‌కేజీలో ముప్ఫై మంది, మూడో తరగతిలో ఇరవై అయిదు, ఎనిమిదిలో తొమ్మిది మంది. మొదటి ఖాళీ అయిదో తరగతి దగ్గర పడుతుంది. గురుకులాల అయిదో తరగతి ప్రవేశ పరీక్ష నాలుగులో ఉండగానే రాస్తారు. సీటు వస్తే భోజనం, బట్టలు, చదువు అన్నీ ఉచితం. ఆరో తరగతికి వరంగల్ దగ్గరి మామునూరు నవోదయ, అది కేంద్ర ప్రభుత్వ రెసిడెన్షియల్ స్కూలు. వింతేమిటంటే ఆ పరీక్షలకు పిల్లలను తయారుచేసేది కూడా చాలాసార్లు ఈ స్కూలే. సీటొచ్చిన పిల్ల ఫొటో ఫ్లెక్సీ మీద వేస్తుంది, ఆ పిల్ల ఫీజు పోగొట్టుకుంటుంది. రెండో ఖాళీ ఎనిమిదో తరగతి దగ్గర. కాస్త చేతిలో పైసలున్న కుటుంబాలు ఐఐటీ ఫౌండేషన్ అన్న మాట విని పెద్ద స్కూలుకు మారతాయి. మిగిలేది అటు సీటు రానివాళ్లు, ఇటు స్తోమత లేనివాళ్లు. వాళ్లతోనే పదో తరగతి ఫలితాలు చూపించాలి.

కాబట్టి చిన్న స్కూలును దాని పదో తరగతి ఫలితంతో కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. దాని అసలు పని నర్సరీ నుంచి అయిదు దాకా. అక్కడ అది ఇచ్చే పునాది నిజంగా బాగుంటే పెద్ద స్కూలు ఆ తర్వాత పేరు కొట్టేస్తుంది, అంతే. హైస్కూల్ తరగతుల్లో మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఒక్క టీచరే ఫిజిక్స్, బయాలజీ, లెక్కలు మూడూ చెబుతుంటే, పార్ట్‌టైమ్ సార్ వారానికి మూడు రోజులే వస్తుంటే, పిల్లను ఏడు తర్వాత మంచి ప్రభుత్వ హైస్కూల్లో వేయడం చాలాసార్లు మేలైన నిర్ణయం. ఏడేళ్లు మొహం చూసిన కరస్పాండెంట్ సార్‌కు ఆ మాట చెప్పడమే కష్టం.

గుర్తింపు, కాగితాలు

ఎక్కువమంది పట్టించుకోనిది, తర్వాత ఎక్కువగా బాధపడేది కాగితాల దగ్గర. విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు లేకుండా స్కూలు నడపకూడదు. ఆ గుర్తింపు ఏ తరగతి దాకా అన్నది కూడా ఉంటుంది. అయిదు దాకా అనుమతి తీసుకుని ఏడు దాకా, ఏడు దాకా తీసుకుని పది దాకా నడిపేవి ఉన్నాయి. అలాంటిచోట పదో తరగతి పిల్లల పేర్లు గుర్తింపు ఉన్న ఇంకో స్కూలు నామినల్ రోల్స్‌లో, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితాలో, ఎక్కిస్తారు. పిల్ల చదివింది ఒకచోట, మెమో మీద ఉండేది ఇంకో స్కూలు పేరు. ఈ సంగతి చాలా ఇళ్లలో హాల్ టికెట్ వచ్చిన రోజే తెలుస్తుంది. గుర్తింపు ఫైలుకు భవన దృఢత్వ పత్రం, శానిటరీ పత్రం, ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి) కావాలి. ఇల్లుగా కట్టిన భవనానికి ఇవి తేవడం కష్టం, అందుకే ఫైలు ఏళ్ల తరబడి నడుస్తుంది. యాజమాన్యాలు దీన్ని వేధింపు అంటాయి, కొంత నిజమే. ఒకే సన్న మెట్ల దారి ఉన్న మేడ మీద వంద మంది పిల్లలు కూర్చున్నప్పుడు ఫైర్ ఎన్ఓసీ అడగడం వేధింపు కాదు.

ఇంకో కాగితం విలువ ఇరవై ఏళ్లు దాటాక తెలుస్తుంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం పోస్టులు స్థానికులవి. స్థానికత తేల్చేందుకు చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్నది. సరిగ్గా చిన్న స్కూలు పిల్లలను పట్టి ఉంచే తరగతులివి. కానిస్టేబుల్‌కో గ్రూప్-4కో ఎంపికైన కుర్రాడు సర్టిఫికెట్ల పరిశీలనకు ఆ ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు తేవాలి. ఆ గల్లీకి వెళ్తే స్కూలున్న ఇంట్లో ఇప్పుడు మెస్ నడుస్తుంది. కరస్పాండెంట్ హైదరాబాద్ వెళ్లిపోయాడు. మూసేసేటప్పుడు రిజిస్టర్లు మండల విద్యాధికారి ఆఫీసులో అప్పగించి ఉంటే అదృష్టం. లేకపోతే ఆ ఆఫీసు బీరువాల్లో వెతికించుకోవడం, ఎక్కడా దొరక్కపోతే తహసీల్దార్ దగ్గర నివాస ధ్రువపత్రం కోసం తిరగడం. పరిశీలన తేదీ మాత్రం వారంలో ఉంటుంది.

అందుకే పిల్ల ఏడో తరగతి పూర్తయిన ఏప్రిల్‌లోనే, స్కూలు నడుస్తుండగానే, ఫీజు బాకీ తీర్చిన రోజే స్టడీ సర్టిఫికెట్ రాయించుకోవాలి. ఒకటి నుంచి ఏడు దాకా ఏ ఏడాది ఏ తరగతో విడివిడిగా ఉండాలి, అడ్మిషన్ నంబరు, గుర్తింపు నంబరు, సంతకం, సీలు ఉండాలి. ఇంటి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోవాలి. తప్పుంటే కరస్పాండెంట్ సార్ పెన్ను తీసి అప్పుడే దిద్దుతాడు.